జనసంఖ్యయు జనసౌఖ్యమును



ఏటేట మన మహాసభ సమావేశమైనప్పుడెల్ల వేదికపైనుండి మొదట వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "మనవా రెంతమంది?" అధ్యక్షులు దానిని గర్వముతో నడుగుదురు, కార్యదర్శులు లక్షలలో సమాధానము చెప్పుదురు, సభవారు కరతాళధ్వనులు చేయుదురు. ఈ ప్రశ్నకు నేడు మునుపెన్నడును లేని వేడిమి వచ్చినది. 1931 సం. జనాభాలెక్కల తరువాత దేశమంతటను అన్ని కులములవారి లెక్క పూర్ణముగా ప్రకటింపబడలేదు. రాబోవు జనాభాలెక్కలలో కులమునుగూడ వ్రాసికొందుమని కేంద్రప్రభుత్వమువారు 2025 సం.న ప్రకటించిరి. కావున మన చేనేత కులములయందును "మన సంఖ్య తగ్గకుండ వ్రాయించుకొనుడు" అను హెచ్చరికలు ఊరూర వినబడుచున్నవి.

వ్రాయించుకొనుట అవశ్యకర్తవ్యమే. దానిని మేము కాదనము. కాని చరిత్రవిషయమై యొక వ్యాసము వ్రాయుడని సంచికాసంపాదకులు మమ్ము కోరగా, ఈ ప్రశ్నకు తోబుట్టువైన మఱియొక ప్రశ్నను మీ ముందుంచ నెంచితిమి. మనవా రెంతమంది యనునది మొదటి ప్రశ్న. మనవా రెట్లు బ్రదుకుచున్నారు అనునది రెండవ ప్రశ్న. జనము పెరిగిన సౌఖ్యము పెరుగునా? జనము తగ్గిన సౌఖ్యము పెరుగునా? ఈ రెంటికిని తెలుగుదేశపు రెండువందల యేండ్ల చరిత్ర యే సమాధాన మిచ్చుచున్నదో చూతము.

గోదావరీమండలపు పాఠము

పందొమ్మిదవ శతాబ్దపు తొలిదినములలో గోదావరీతీరము నేతపనికి పేరుగన్న సీమ. ఇంజరము, మాధవాయపాలెము, బండమూర్లంక మొదలగు చోట్ల ఈస్టిండియా కంపెనీవారి వర్తకశాల లుండెడివి. మన పూర్వులు గుంటమగ్గములపై నేసిన బట్ట యచ్చటినుండి ఓడ లెక్కి సీమకు పోవుచుండెను. అంతలో మిల్లులబట్ట సముద్రముదాటి యెదురు వచ్చెను. 1833 సం. చట్టముతో కంపెనీవారు వర్తకమును పూర్తిగా మానుకొనిరి. కొనువాడు పోయెను, మగ్గము మిగిలెను.

ఆ కాలముననే ప్రకృతియు పగబట్టినది. 1832-33లో నందననామ సంవత్సరమున వచ్చిన కఱవు కృష్ణా గోదావరీ మండలములను పీల్చి పిప్పిచేసెను. అప్పటి గుంటూరు జిల్లాలో సుమారు ఐదులక్షల జనమునందు మూడవవంతువఱకు ఆ కఱవువాత బడిరని చరిత్రకారులు చెప్పుదురు. 1839 సం.న ఉప్పెన కోరంగి రేవును ముంచెత్తెను. ఈ దెబ్బలన్నియు కలిసి యేమి చేసినవో సర్కారువారి లెక్కలే చెప్పుచున్నవి. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821 సం.న 7,38,308 మంది యుండగా, 1841 సం.న 5,61,041 మంది మాత్రమే మిగిలిరి. ఇరువదియేండ్లలో జనము నాలుగవవంతు తఱిగిపోయినది.

ఇప్పుడు మనము నిలిచి యాలోచింపవలయును. జనము తక్కువైన తలకు భూమి యెక్కువ వచ్చును, అన్న మెక్కువ వచ్చును, కూలి పెరుగును అని చెప్పు పండితులు ఆనాడును గలరు, ఈనాడును గలరు. ఆ వాదము నిజమైనచో 1841 నాటి గోదావరీతీరవాసులు మునుపటికంటె సుఖపడి యుండవలయును. కాని జరిగినదేమి? దున్నువారు లేక పొలములు బీడువడెను. శిస్తు పడిపోయెను. ఊళ్లు పాడుపడెను. పల్లెలు చల్లబడగా బట్ట కొనువారును లేరైరి. ఇంత సారవంతమైన సీమ యేల యిట్లయ్యెనని విచారించుటకు ప్రభుత్వమువారు సర్ హెన్రీ మాంట్‌గోమరీ యను అధికారిని ప్రత్యేకముగా పంపవలసి వచ్చెను. జనము తగ్గెను; జనముతోపాటు సౌఖ్యమును తగ్గెను.

తరువాతి కథ తెలుగువారి యింటింట తెలిసినదే. ఆర్థరు కాటను దొర 1847 సం.న ధవళేశ్వరమువద్ద ఆనకట్ట ప్రారంభించి 1852 సం.న ముగించెను. అంతవఱకు సముద్రమునకు వృథాగా పోవు నీరు కాలువలబట్టి పొలములకు పారినది. 1859 సం.న జిల్లాల హద్దులు మారినవి గనుక వెనుకటి లెక్కలను ముందటి లెక్కలతో తూకమువేసి సరిపోల్చరాదు. అయినను 1901 సం.న గోదావరి జిల్లా జనసంఖ్య 23 లక్షలని తెలిసికొన్నచో మార్పెంతటిదో యూహింపవచ్చును. ఈ పెరిగిన జనము తిండిలేక మాడినదా? లేదు. మునుపటి తక్కువ జనముకంటె మెఱుగుగా తినినది. చేతికి పంట వచ్చిన రైతు పండుగకు చీర కొనును. కావున మిల్లుబట్టపోటీలోగూడ డెల్టాప్రాంతపు మగ్గములు కొన్ని నిలువ గలిగినవి.

ఈ మండలము మనకు నేర్పు మొదటి పాఠమిది. తలల సంఖ్య దారిద్ర్యమునకు మూలము గాదు. సౌఖ్యమునకును మూలము గాదు. ఆ రెంటిని నిర్ణయించునది వేఱొకటి కలదు. ఆ సీమలో ఆనాడది నీరు.

ధాత కఱవు

గోదావరీసీమ పచ్చబడుచుండగనే రాయలసీమ యెండిపోయినది. 1876 సం.న ధాతనామ సంవత్సరమున మొదలై 1878 వఱకు సాగిన మహాక్షామము బళ్లారి, కర్నూలు, కడప మండలములను శ్మశానప్రాయములుగ చేసెను. కర్నూలు జిల్లాలో 1871 సం.న 9 లక్షల 14 వేలమంది యుండగా, 1881 సం.న 6 లక్షల 78 వేలమందియే లెక్కకు వచ్చిరి. నలుగురు గల యింట ఒకరు లేకుండ పోయిరన్నమాట.

వీరు భూమికి భారమై మరణించిరని చెప్పుట తగునా? చరిత్ర యట్లు చెప్పుట లేదు. ఆ క్షామకాలముననే మన దేశమునుండి ధాన్యము ఓడలకెక్కి విదేశములకు పోవుచుండెను. గింజ లేక కాదు, గింజ కొనుటకు కాసు లేక జనులు చచ్చిరి. వానలు లేనియేట కూలివానికి పని లేదు. కూలివానికి పని లేనియేట నేతవానికి బేరము లేదు. ఆకలిగొన్నవాడు మొదట మానుకొనునది బట్ట. అందుచేత కఱవు రైతుకంటె ముందుగా మగ్గము తలుపు తట్టును. మృదువైన పోగులకు అలవడిన చేతులు రాళ్లు కొట్టు పనికి పోయినచో తిరిగి మగ్గమునకు పనికిరావని గ్రహించి, కొన్నిచోట్ల నేతవారికి నూలిచ్చి నేయించి యా బట్టను సర్కారే కొనవలసి వచ్చెను.

ఇచట మఱియొక విషయము స్మరింపదగియున్నది. జనము ఆహారముకంటె వేగముగ పెరుగునని 1798 సం.న గ్రంథము వ్రాసిన మాల్థసు పండితుడు, 1805 సం. మొదలు ఇంగ్లండులో హెయిలీబరీ కళాశాలయందు అర్థశాస్త్రోపాధ్యాయుడు. మన దేశమునకు రాబోవు కంపెనీ యుద్యోగులు అచ్చటనే చదువుకొనిరి. కఱవునకు కారణము జనాధిక్యమే యను తలంపు ఆ కాలపు పాలకులలో పలువురి మనస్సులలో నాటుకొనియుండెను. తలంపునకు ఫలముండును. 1877 సం.న సర్ రిచర్డు టెంపుల్ దొర సహాయపుపనులలోని కూలికి రోజునకొక పౌను ధాన్యపు వెలయే చాలునని కూలిని తగ్గించెను. చెన్నపురి ప్రభుత్వమున ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిషు అది ప్రాణము నిలుపజాలదని వాదించి యెదిరించెను. కొన్ని మాసముల పిదప కూలి పెంచబడినది; కాని యా లోపల పోయినవారు తిరిగిరాలేదు. మనుష్యుని అధికసంఖ్యగ లెక్కించువాడు వాని కంచములో తక్కువ వడ్డించును. ఇది రెండవ పాఠము.

1880 సం. క్షామసంఘపు నివేదికయు, దానిపై 1883 సం.న వెలువడిన క్షామనిబంధనలును ఈ చావులనుండి పుట్టినవే. పని చూపుట, కూలి యిచ్చుట, అశక్తులకు అన్నము పెట్టుట ప్రభుత్వధర్మమని వాని మూలమున వ్రాతపూర్వకముగ నొప్పుకొనబడినది.

చావు తగ్గిన శతాబ్దము

ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమునను మృత్యువు మన యిండ్లను విడువలేదు. 1918 సం. ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ఎంతటి ఘాతము చేసినదనగా, నేటి భారతదేశపు హద్దులలో 1911 సం.న 25 కోట్ల 20 లక్షలుండిన జనము 1921 నాటికి పెరుగుటకు మారుగా కొంచెము తఱిగినది. ఆ తరువాత నెన్నడును జనము తఱుగలేదు. కఱవుచావులు తగ్గినవి, టీకాలు వ్యాపించినవి, 1953 సం.న మలేరియా నివారణోద్యమము ప్రారంభమైనది; మసూచి 1975 సం.న మన దేశమునుండి తొలగినది. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో భారతీయుని సగటు ఆయుర్దాయము 32 ఏండ్లు. నేడది సుమారు 70 ఏండ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశపు హద్దులలో 1901 సం.న 1 కోటి 90 లక్షలుండిన జనము 1951 నాటికి 3 కోట్ల 11 లక్షలై, 2011 నాటికి 8 కోట్ల 45 లక్షలైనది.

ఈ పెరుగుదలను చూచి భయపడినవారు పలువురు. కాని అది పుట్టుక హెచ్చుటవలన వచ్చినది గాదు, చావు తగ్గుటవలన వచ్చినది. మన పెద్దలు పదిమందిని కనుట అజ్ఞానముచేత ననుటయు న్యాయము గాదు. నేతయిల్లు ఎట్టిదో యెఱిగిన వారికి ఈ సంగతి తెలియును. ఒక్క మగ్గము ఆడవలయునన్న ఒక్క మనిషి చాలడు. రాట్నముపై నూలు వడుకవలె, కండెలు చుట్టవలె, ఆసు పోయవలె, పడుగు సాగదీసి గంజి పెట్టవలె, పిమ్మట నేయవలె. ఆరేండ్ల బిడ్డకును అచట పని కలదు. పుట్టినవారిలో సగము పోవు కాలమున, మిగిలినవారి చేతులతోనే మగ్గము నడువవలసిన యింట, బిడ్డలను మితముగా కనుడని చెప్పిన వినువా రెవరు? చావు తగ్గునను నమ్మకము కుదిరినపిదపనే కాన్పు తగ్గును. పెద్దల వివేకము మారుటకు బిడ్డల బ్రదుకు ముందు మారవలయును.

పెరిగిన జనమునకు పనిచాలనప్పుడు మనవారు దేశాంతరము పోయిరి. కాకినాడ, విశాఖపట్టణపు రేవులనుండి కూలీలు వేలకొలదిగ రంగూను చేరి బియ్యపుమిల్లులలో పనిచేసిరి, 1942 సం.న యుద్ధభయముచే అందులో పలువురు అడవిదారులబట్టి నడచి తిరిగివచ్చిరి. తెలంగాణపు నేతవారు షోలాపురము, భీమండి, సూరతు పట్టణములకు వలసపోయి యచట తెలుగుపేటలను నెలకొల్పిరి. వలస పోయిన కుటుంబములు కొన్ని బాగుపడినవి. కొన్ని మిల్లుధూళిలో ఊపిరి పోగొట్టుకొన్నవి. జనము ఎచ్చట నున్నను దాని సౌఖ్యము అచ్చటి కూలిపైనను, గాలిపైనను, బడిపైనను ఆధారపడియున్నది.

ధవళేశ్వరపు రెండవ కానుక

ధవళేశ్వరము పేరు చెప్పగనే అందఱును ఆనకట్టను తలంతురు. ఆ యూరినుండియే తెలుగుదేశమునకు రెండవ కానుక యొకటి వచ్చినది. 1874 సం.న కందుకూరి వీరేశలింగము పంతులుగా రచట బాలికల కొఱకు పాఠశాల స్థాపించిరి. మొదటి కానుక పొలమునకు నీరిచ్చినది. రెండవది తల్లికి అక్షరమిచ్చుటకు పుట్టినది. మొదటి కానుకను మనము దోసిలిపట్టి గైకొంటిమి. రెండవదానిని సగమే గైకొంటిమి. మన నేటి కష్టములలో పెక్కింటికి మూలము ఈ సగమునందే కలదని మా యభిప్రాయము. ఎట్లో వివరింతుము.

భారతప్రభుత్వము 1952 సం.న కుటుంబనియంత్రణమును జాతీయకార్యక్రమముగా స్వీకరించినది. 1971 ప్రాంతమున మన రాష్ట్రమందు స్త్రీ యొకతె సగటున నలుగురైదుగురిని కనుచుండెను. 1992-93 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన నాటికి ఆ సగటు 2.6, 2005-06 నాటికి 1.8. తలిదండ్రులిద్దరి స్థానమున ఇద్దరు బిడ్డలైనను నిలువని స్థితికి మనము మూడున్నర దశాబ్దములలో వచ్చితిమి. కేరళదేశమందును ఇట్లే జరిగినది. కాని యచట 1991 నాటికే స్త్రీలలో నూటికి 86 మంది చదువరులు. మనయందు ఆ యేడు నూటికి 33 మందియైనను లేరు. చదువు రాకుండగనే కాన్పులు తగ్గుట జనసంఖ్యాశాస్త్రజ్ఞుల కాశ్చర్యము గొలిపినది. వారు దానిని ఆంధ్రులఘనతగ వ్రాసిరి.

ఆ ఘనత యెవరి శరీరముమీదుగ వచ్చినదో మనము విచారింపవలదా? 1975-77 అత్యవసరపరిస్థితి కాలమున పురుషులకు బలవంతపు శస్త్రచికిత్సలు జరిగెను. దాని ఫలముగ ప్రభుత్వములు పురుషులజోలికి పోవుట మానినవి. భారమంతయు స్త్రీలపై బడినది. 2019-21 పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహితస్త్రీలలో నూటికి సుమారు 70 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. పురుషులు నూటికి ఒక్కడైనను లేడు. పదునేడేండ్లకు పెండ్లి, ఇరువదియేండ్లకు ఇద్దరు బిడ్డలు, పాతికయేండ్లు నిండకముందే ఆపరేషను: ఇది మన పల్లెలయందలి వేలకొలది స్త్రీల జీవితచరిత్ర.

ఈ సంచికకై విషయసేకరణము చేయుచు మే మొక నేతపల్లెలో నలువదేండ్లయిన దాటని యొక సోదరిని పలుకరించితిమి. ఆమె కండెలు చుట్టుచుండెను. "అమ్మా, మీకు బిడ్డ లెందఱు?" అని యడిగితిమి. "ఇద్దఱేనండి. ఇరువదిరెండో యేటనే ఆపరేషను చేయించినారు" అని చెప్పి, కొంతసే పూరకుండి, "అప్పటినుండి నడుము నొప్పి. పిల్లలు తక్కువైతే సుఖపడతావు అన్నారు. పిల్లలు తక్కువే. సుఖమెక్కడ నున్నదో మీకు తెలిసిన చెప్పండి" అనెను. మేము బదులు చెప్పలేకపోయితిమి. ఈ వ్యాసము ఆమెకు బదులు చెప్పుటకై మేము చేయు ప్రయత్నమని పాఠకులు గ్రహింతురు గాక.

లాభము లేదని మేమనుట లేదు. పుట్టిన వేయిమంది శిశువులలో ఏడాది నిండకముందే పోవువారు ఉమ్మడి రాష్ట్రమున 1992-93 నాటికి 70 మంది. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశమున 30, తెలంగాణమున 26. ఇది సామాన్యమైన విజయము గాదు. తక్కువ బిడ్డలుగల యింట బడికి పోవు బిడ్డలెక్కువ. కాని అదే పరిశీలనయందు, ఇరువదినుండి ఇరువదినాలుగేండ్లలోపు స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29 మంది, తెలంగాణమున 23 మంది. 1929 సం. శారదాశాసనము బాలికకు పదునాలుగేండ్లనెను, 1978 సం. సవరణ పదునెనిమిదేండ్లనెను, దాదాపు నూఱేండ్ల శాసనములను మన పెండ్లిపందిళ్లు ఇంకను పూర్తిగ వినలేదు. రక్తహీనతగల స్త్రీలు రెండు రాష్ట్రములయందును నూటికి 57 మందికి తక్కువ లేరు. బిడ్డల సంఖ్య సగమునకు తగ్గెను. తల్లి రక్తము పెరుగలేదు. సంఖ్య తగ్గించుట సులభము, జీవనమును హెచ్చించుట కష్టమని యిందువలన తేలుచున్నది.

నేతవారి లెక్క

ఈ మాటకు మన వృత్తియే సాక్ష్యమిచ్చుచున్నది. దేశమంతటను చేనేతపై ఆధారపడి పనిచేయువారు 1995 సం. గణనలో 65 లక్షలు. 2009-10లో 43 లక్షలు. 2019-20లో 35 లక్షలు. పాతికయేండ్లలో దాదాపు సగమునకు తగ్గితిమి. పనివారు తగ్గినచో మిగిలినవారి కూలి పెరుగునని అర్థశాస్త్రము చెప్పును. కాని ఆ కడపటి గణనలోనే నేతకుటుంబములలో మూడింట రెండువంతులకు నెలరాబడి ఐదువేల రూపాయలకు మించలేదని తేలినది. గోదావరీతీరమున 1841 సం.న కనబడిన దృశ్యమే మఱల కనబడుచున్నది: జనము తగ్గినది, సౌఖ్యము పెరుగలేదు.

కారణము స్పష్టము. మన కూలిని నిర్ణయించునది మన తలలసంఖ్య గాదు. నూలుధర, పెట్టుబడి పెట్టు షావుకారు, మన నమూనాలను మఱమగ్గముపై అచ్చుగ్రుద్దినట్లు దించి సగము ధరకమ్ము వ్యాపారి. మగ్గముపనివారిలో నేడు నూటికి 72 మంది స్త్రీలు. కావున నేతవాని రాబడిని గుఱించిన ప్రశ్న నిజమునకు నేతస్త్రీ రాబడిని గుఱించిన ప్రశ్నయే. ఆమె చదువు, ఆమె రక్తము, ఆమె చేతి కందు కూలి, వీనిని విడిచి కులాభివృద్ధిని గుఱించి తీర్మానములు చేయుట పేక లేక పడుగుమాత్రమే సాగదీయుటవంటిది.

నేటి క్రొత్త భయము

ఎక్కువ బిడ్డలు వలదని యేబదియేండ్లు విన్న చెవులకు ఇప్పుడు వ్యతిరేకమైన మాట వినవచ్చుచున్నది. ఇద్దరికంటె నెక్కువ సంతానముగలవారు స్థానికసంస్థల యెన్నికలలో నిలువరాదను నిబంధనను 1994 సం. చట్టము పంచాయతులకు విధించెను. ఆంధ్రప్రదేశ శాసనసభ 2024 సం.న దానిని తొలగించినది. ఎక్కువమందిని కనుడని నాయకులే బహిరంగముగా హితవు చెప్పుచున్నారు. దీనికి రెండు హేతువులు గలవు. మొదటిది ముదిమి. ఆంధ్రప్రదేశమున అఱువదియేండ్లు దాటినవారు 2021 నాటికి నూటికి 12 మందియని, 2031 నాటికి 16 మంది కాగలరని ప్రభుత్వనిపుణులు అంచనా వేసిరి. రెండవది రాజకీయము. లోకసభ స్థానముల పంపకము 1971 సం. లెక్కలపై నిలుచునట్లు 1976 సం.న రాజ్యాంగసవరణము చేయబడెను, 2001 సం. సవరణము ఆ నిలుపుదలను 2026 సం. తరువాతి మొదటి లెక్కవఱకు పొడిగించినది. తలలు లెక్కించి స్థానములు పంచినచో కాన్పులు తగ్గించుకొన్న రాష్ట్రములు నష్టపోవునను భయము న్యాయమైనదే.

కాని ఆ భయమునకు మందు మన యింటి కోడండ్ల గర్భమున వెదుకుట సరికాదు. నిన్న సంఖ్య తగ్గించుటకు ఆమె శరీరమే సాధనమైనది. నేడు సంఖ్య పెంచుటకు మఱల ఆమె శరీరమే సాధనము కావలయునా? ఒకనాడు వలదనుటయు, మఱియొకనాడు కావలెననుటయు వేఱువేఱు మాటలుగ కనబడును. ఆమె నడుగకుండ చెప్పుటలో రెండును ఒక్కటియే. ముదిమి వచ్చిన తలిదండ్రులను పోషించునది బిడ్డల సంఖ్య గాదు, బిడ్డల రాబడి. ఏడుగురు కొడుకులను కని చివరిదినములలో వంతులవారీగ ఏడిండ్లు తిరిగిన తల్లులను మన మెఱుగమా? ఉద్యోగము చేసికొను ఒక్క కూతురు తలిదండ్రులనిద్దరిని చల్లగ చూచుకొనుటయు ఎఱుగుదుము.

మన కర్తవ్యము

కావున సోదరులారా! లెక్క వ్రాయువారు ఇంటికి వచ్చినప్పుడు కులము పేరు తప్పక వ్రాయింపుడు. మన సంఖ్య మనకు తెలియవలసినదే. కాని సర్కారు పుస్తకమునకు తోడుగ మన గ్రామసంఘములు తమ సొంతపుస్తకము నొకదానిని తెఱవవలయునని మేము ప్రార్థించుచున్నాము. అందు నాలుగు గడులు చాలును. ఈ యేడు మన యూర పెండ్లియైన బాలికల వయస్సెంత? పదవతరగతి దాటి చదువుచున్న ఆడుబిడ్డ లెందఱు? కాన్పునకు పోవు తల్లికి రక్తపరీక్ష జరిగినదా? మగ్గము దిగిపోయిన ముదుసలులకు అన్నము పెట్టువా రెవరు?

ఈ గడులు నింపుట చేతనైనచో వానిని బాగుచేయుటయు చేతనగును. పదునెనిమిదేండ్లు నిండని పిల్ల పెండ్లికి సంఘపుపెద్దలు పోరాదని ఈ మహాసభ తీర్మానింపవచ్చును. మగపిల్లల వసతిగృహములకు విరాళములిచ్చిన మన దాతలు ఆడుపిల్లల వసతిగృహమునకు అంతకు తక్కువ గాకుండ ఈయవచ్చును. వలసపోయి షోలాపురము, సూరతులలో స్థిరపడిన సోదరులు తాము విడిచిపోయిన పల్లెలలోని వృద్ధుల కొఱకు ఒక నిధి నేర్పఱుపవచ్చును. ఇవి పెద్దపనులు గావు. కాని ఇవియే సంఖ్యను బలముగ మార్చు పనులు.

నేతవారమైన మనకు పడుగు పేకలను గుఱించి యొకరు చెప్పవలసిన పని లేదు. పడుగున పోగులు వేయి యున్నను, రెండువేలున్నను, పేక గట్టిగ పడనిచో అది గుడ్డ గాదు. మన జనసంఖ్య పడుగువంటిది. విద్య, ఆరోగ్యము, న్యాయమైన కూలి, స్త్రీకి తన బ్రదుకుపై తనకు గల యధికారము, ఇవి పేక. వచ్చే యేటి మహాసభలో "మనవా రెంతమంది?" అను ప్రశ్న తప్పక వినబడును. దాని వెనువెంటనే "మనవా రెట్లున్నారు?" అని యొక్కరైనను లేచి యడిగినచో, కండెలు చుట్టుచు మమ్ము ప్రశ్నించిన ఆ సోదరికి సగము బదులు చెప్పినవారమగుదుము. తక్కిన సగము మన చేతలు చెప్పవలయును.